మామత్ కేవ్ లాంతరు టూర్‌కి నాన్నగారిని తీసుకెళ్లొచ్చా?

లలిత:

అందరికీ నమస్కారం. మేం లూయివిల్‌లో ఉంటాం. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి నెలన్నర అయింది, ఇంకో నెల ఉంటారు. నయాగరా అయిపోయింది, షికాగో అయిపోయింది, చుట్టుపక్కల గుళ్లన్నీ అయిపోయాయి. ఇప్పుడు నాన్నగారి దృష్టి ఇక్కడ కెంటకీలోనే ఉన్న మామత్ కేవ్ అనే పెద్ద గుహ మీద పడింది.

ఆయన రిటైర్డ్ హిస్టరీ లెక్చరరు, 71 ఏళ్లు. కాలేజీ పిల్లల్ని బొర్రా గుహలకీ, బెలుం గుహలకీ ఎన్నిసార్లు తీసుకెళ్లారో లెక్కలేదు. అక్కడి రంగురంగుల లైట్లు తలుచుకుని "గుహలో పెళ్లిపందిరి వేశారమ్మా" అని ఇప్పటికీ విసుక్కుంటారు. మామత్ కేవ్‌లో కరెంటు లైట్లు లేకుండా, పాతకాలంలో లాగా కిరసనాయిలు లాంతర్లు చేతికిచ్చి తిప్పే వయొలెట్ సిటీ లాంతర్ టూర్ ఒకటుందని ఎక్కడో చదివారు. అదే కావాలట, వేరేది వద్దట.

నా అనుమానాలు ఇవీ. మూడు గంటలు, మూడు మైళ్లు అని ఉంది. నాన్న రోజూ పొద్దున్నే నడుస్తారు, బీపీ మాత్ర వేసుకుంటారు, అంతకుమించి ఏమీ లేదు. అమ్మకి మాత్రం మోకాళ్ల నొప్పులు. మా బాబుకి ఐదేళ్లు. మా ఆయనేమో "బాత్రూం కూడా లేని చోట మీ నాన్నని మూడు గంటలు చీకట్లో తిప్పుతావా, కాలు మడత పడితే ఎవరు మోస్తారు" అంటున్నారు. లాంతరు వెలుతురులో అసలు ఏమైనా కనిపిస్తుందా? వెళ్లొచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

బాబీ:

లలిత గారూ, ముందు బాబు సంగతి. ఆరేళ్లలోపు పిల్లల్ని ఆ టూర్‌కి రానివ్వరు, బతిమాలినా లాభం లేదు. అమ్మగారికీ బాబుకీ అదే గుహలో ఫ్రోజెన్ నయాగరా అనే చిన్న టూర్ తీసుకోండి. గంటంబావులో అయిపోతుంది, నడక చాలా తక్కువ, మోకాళ్లు మొరాయిస్తే మెట్లు కూడా చాలావరకు తప్పించుకోవచ్చు.

పార్కులోకి వెళ్లడానికి టికెట్ లేదు, గుహ టూర్లకే. ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోండి, వీకెండ్‌లో అక్కడికెళ్లి కొందామంటే దొరకడం కష్టం. లాంతరు టూర్ ఏడాది పొడుగునా ఉండదు, మీ తేదీకి ఉందో లేదో చూసుకోండి. సీనియర్ పాస్ ఉన్నవాళ్లకి సగం ధర, కానీ ఆ పాస్ సిటిజన్లకీ గ్రీన్‌కార్డు వాళ్లకీ మాత్రమే. విజిటర్ వీసా మీద వచ్చిన మా నాన్న కోసం కౌంటర్లో అడిగి నేను భంగపడ్డాను, మీరు పడకండి.

సిన్సినాటి శీను:

లలిత గారూ, "పెళ్లిపందిరి" మాటకి నవ్వాగలేదు. ఆ మాటన్న మనిషిని ఆ టూర్‌కి తీసుకెళ్లకపోతే పాపం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకోండి.

ఆమధ్య అక్టోబర్లో నేను మా అత్తగారిని తీసుకెళ్లాను. ఆవిడకి 67. మా ఆవిడకి ఆఫీసులో రిలీజ్ పడి ఆఖరి నిమిషంలో రాలేదు, కాబట్టి నేనూ అత్తగారూ ఇద్దరమే. పెళ్లయి పన్నెండేళ్లయినా మా ఇద్దరి మధ్య "ఏసీ తగ్గించనా అత్తయ్యగారూ", "వద్దులే బాబూ" మించి మాటలు నడిచింది తక్కువ. అలా మూడున్నర గంటల డ్రైవు.

మొదటి తప్పు నాదే. పార్కు నడిచేది సెంట్రల్ టైం ప్రకారం. మా సిన్సినాటి, మీ లూయివిల్ ఈస్టర్న్. టికెట్ మీద రెండు గంటలని ఉంటే అది వాళ్ల రెండు, మన మూడు. నేను అది చూసుకోకుండా, దారిలో అత్తగారిని కాఫీకి కూడా ఆపకుండా, లేటయిపోతోందని టెన్షన్ పడుతూ తీసుకెళ్లి దించితే ఇంకా గంట పైనే టైముంది. ఆవిడ ఏమీ అనలేదు. ఏదైనా అన్నా బాగుండేది.

ఆ గంట ఎలా గడపాలో తెలియక హెరిటేజ్ ట్రెయిల్ అని బోర్డు కనిపిస్తే అటు నడిచాం. చదునైన దారి, వీల్‌చైర్ కూడా పోతుంది, మీ అమ్మగారికి ఏ ఇబ్బందీ ఉండదు. దాని పక్కనే చెట్ల కింద చిన్న శ్మశానం ఉంది. పాత గైడ్ల శ్మశానం. అందులో స్టీఫెన్ బిషప్ అనే ఆయన సమాధి. మొదటి గైడు, అన్వేషకుడు అని రాయి మీద చెక్కారు. చనిపోయిన ఏడాది 1859 అని ఉంది. నిజానికి ఆయన పోయింది 1857లో. ఇంకా విచిత్రం ఏమిటంటే ఆ రాయి ఆయన కోసం చేయించింది కాదు. సివిల్ వార్‌లో పోయిన ఎవరో సైనికుడి కోసం చెక్కితే, ఆ ఇంటివాళ్లు తీసుకెళ్లలేదు. ఆ పేరు చెరిపేసి, ఈయన పేరు చెక్కించి, 1881లో తెచ్చి నిలబెట్టారు.

"ఎవరు బాబూ ఈయన?" అని అడిగారు అత్తగారు. నాకు తెలిసింది చెప్పాను. బానిస. 1838లో, పదిహేడేళ్ల వయసులో యజమాని ఈ గుహకి గైడుగా తెచ్చిపెట్టాడు. మరుసటి ఏడు జాన్ క్రోగన్ అనే డాక్టరు 10,000 డాలర్లకి గుహని కొన్నాడు, ఆ బేరంలో స్టీఫెన్ కూడా చేతులు మారాడు.

"గుహతో పాటా? పొలం అమ్ముతూ ఎడ్లని కూడా తోలుకుపొమ్మన్నట్టా?" అన్నారు ఆవిడ. పన్నెండేళ్లలో మా మధ్య నడిచిన మొదటి సంభాషణ అదేనేమో.

ఇక లాంతరు. అత్తగారి చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో కరెంటు లేదు. సాయంత్రమయ్యేసరికి చిమ్నీలు బూడిదతో తుడిచి, వత్తులు కత్తిరించి, లాంతర్లన్నీ అరుగు మీద వరసగా పెట్టడం ఇంట్లో ఆవిడ పని. ఇక్కడ ఇద్దరికో ముగ్గురికో ఒకటి చొప్పున వెలిగించిన లాంతర్లు ఇస్తున్నారు. మాకు వచ్చినదాన్ని ఆవిడ పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూశారు. చిమ్నీకి ఒక పక్కనే నల్లగా మసి పట్టింది. "వత్తి సమంగా కత్తిరించలేదు. ఓ మూల పొడుగ్గా ఉంది, మంట అటు లేస్తోంది" అన్నారు. ఊరుకోలేదు, ఆ సంగతి మమ్మల్ని తిప్పే పార్కు రేంజరుకి చెప్పమన్నారు. వత్తిని ఇంగ్లీషులో ఏమంటారో నాకు చటుక్కున తట్టలేదు. చేతులతో చూపించాను. ఆ రేంజరమ్మాయి వంగి చూసి, నవ్వి, వేరే లాంతరు తెచ్చి ఆవిడ చేతికే ఇచ్చింది. ఇక మూడు గంటలూ అది ఆవిడ దగ్గరే. కాసేపు నేను పట్టుకుంటానంటే "నువ్వు ఊపుతావు బాబూ" అన్నారు.

మీ నాన్నగారికి ఒక్క మాట చెప్పండి, లేదా ఆయనకే తెలిసి ఉంటుంది. లాంతరు మొహం దాకా ఎత్తితే ఏమీ కనిపించదు, వెలుగంతా మన కళ్లలోనే పడుతుంది. మోకాలి దగ్గరికి దించి పట్టుకుంటే దారి కనిపిస్తుంది. జనం ఇది అర్థం చేసుకోవడానికి అరగంట పట్టింది. అత్తగారు మొదటి అడుగు నుంచీ అలాగే నడిచారు. ఆవిడ వెనకాల వస్తున్న ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు వాళ్ల లాంతరుండగానే ఈవిడ వెలుగులో నడిచారు.

ఏమైనా కనిపిస్తుందా అని అడిగారు కదా. కప్పు సరిగా కనిపించదు. గోడలు దగ్గరికొస్తే కనిపిస్తాయి, లేదంటే లేదు. ముందు నడిచేవాళ్ల వీపూ, మన కాళ్లూ, చుట్టూ ఓ నాలుగు గజాల నేల. అంతే. స్టీఫెన్‌కి కూడా చేతిలో ఉన్న దీపం అంతే, పైగా ఆయన ముందు నడిచేవాళ్లు ఎవరూ లేరు. అది నాకు పైన సమాధి దగ్గర తట్టలేదు, లోపల తట్టింది. లైట్లున్న టూర్ నేను అంతకుముందే ఒకసారి చూశాను. గైడు చెప్పిన కథ విన్నాను, మర్చిపోయాను. ఈసారి ఒక మలుపులో మా వెనకున్న గుంపు వెలుగు ఆగిపోయి, ముందున్నవాళ్లు బండ అవతలికి తిరిగిపోయి, ఒక్క క్షణం మా లాంతరు ఒక్కటే మిగిలింది. అత్తగారు ఆగి, వత్తి కొంచెం తగ్గించారు. "నూనె ఎంతుందో ఏమో" అన్నారు. నూనె నిండా ఉంది, నేను ఊపి చూశాను (అందుకు తిట్లు తిన్నాను). కానీ ఆ మాట అనాలని ఆవిడకే తోచింది చూడండి. దీపం కొండెక్కితే ఏమవుతుందో బతికి తెలిసినవాళ్ల భయం అది.

మొదట్లో పెద్ద హాలు లాంటి రోటండా వస్తుంది. అమెరికా బ్రిటన్‌తో చేసిన 1812 యుద్ధం రోజుల్లో తుపాకిమందు కోసం ఇక్కడ సురేకారం తీశారు. గుహ మట్టిని పెద్ద చెక్క తొట్లలో పోసి, నీళ్లు పెట్టి, ఆ ఊట నీటిని కట్టెబూడిదతో కలిపి కాచేవారు. చేసినవాళ్లు ఎక్కువమంది బానిసలే. నీళ్ల కోసం నిలువునా తొలిచిన చెట్టు దుంగలే పైపులు. ఆ తొట్లూ, ఆ దుంగలూ ఇన్నేళ్లయినా పుచ్చిపోకుండా అక్కడే ఉన్నాయి, నిన్న వదిలేసి వెళ్లినట్టు.

ఆ తర్వాత క్షయ రోగుల రాతి గదులు. ఇవి నన్ను పట్టుకున్నాయి. గుహ కొన్న డాక్టరు క్రోగన్‌కి లోపలి గాలి ఎప్పుడూ ఒకే చల్లదనంతో ఉంటుంది కాబట్టి ఊపిరితిత్తులకి మంచిదనిపించింది. 1842లో రోగుల్ని తెచ్చి లోపల గదులు కట్టించి ఉంచాడు. వాళ్లకి తిండి మోసిందీ, మంటలు వేసిందీ బానిసలే. ఆ మంటల పొగ, దీపాల పొగ బయటికి పోయే దారి లేదు. దగ్గు ఎక్కువైంది, కొందరు లోపలే పోయారు, 1843లో మానేశారు. ఆ డాక్టరు కూడా 1849లో క్షయతోనే పోయాడు. ఇప్పుడు రెండు గదులు మిగిలాయి, పైకప్పులు లేవు. అత్తగారు లాంతరు లోపలికి చాచి చూశారు. ఆవిడ పెదనాన్న మదనపల్లె శానిటోరియంలో ఉండి వచ్చారట. "అక్కడ గాలి తగలాలని మంచాలు వరండాలో వేసేవారు బాబూ. వీళ్లేమిటి, గాలి తగలకుండా పెట్టారు" అన్నారు. ఈ కథ మా ఆవిడకి కూడా తెలియదు, ఇంటికొచ్చాక నేను చెప్తే ఆశ్చర్యపోయింది.

స్టార్ ఛాంబర్ గురించి ఎక్కువ చెప్పను. పాతకాలం గైడ్లు అక్కడ జనాన్ని కూర్చోబెట్టి, దీపాలన్నీ తీసుకుని బండ చాటుకి వెళ్లిపోయేవారట. నల్లని కప్పు మీద అక్కడక్కడా స్ఫటికాలకి ఆ చాటు వెలుగు తగిలి ఆకాశం చూస్తున్నట్టే ఉండేదట. అత్తగారు మెడ నొప్పి పుట్టినా తల దించలేదు, అది మాత్రం చెప్తాను.

కష్టం సంగతి. చివరి భాగం మామూలు టూర్లు వెళ్లని దారి, లైట్ల తీగ కూడా ఉండదు. నేల ఎగుడుదిగుడు, రెండు మూడు చోట్ల గట్టి ఎక్కుడు, దిగుడు. రోజూ నడిచే మనిషికి ఫర్వాలేదు. అవతలి దారిన బయటికొస్తే బస్సు వెనక్కి తెస్తుంది. బాత్రూం నిజంగానే లేదు, లోపలికి దిగేముందే వెళ్లి రండి, మధ్యాహ్నం మజ్జిగ తగ్గించండి. లోపల 54 డిగ్రీల ఫారెన్‌హీట్, ఎండాకాలమైనా స్వెట్టర్ ఉండాలి. చేతికర్ర అవసరమైతే ముందే చెప్పండి, ఊరికే తెస్తే ఒప్పుకోరు.

రాళ్లూరప్పలూ:

శీను గారు బాగా రాశారు కానీ నేను ఒప్పుకోను. మొదటిసారి వచ్చినవాళ్లని లాంతరు టూర్‌కి పంపడం అంటే సినిమాకి తీసుకెళ్లి కళ్లకి గంతలు కట్టడమే. ఇది ప్రపంచంలోనే అతి పొడవైన గుహ, ఇప్పటిదాకా కొలిచిందే 420 మైళ్లు దాటింది. దాన్ని చీకట్లో చూసి ఏం లాభం?

పైగా స్టీఫెన్ బిషప్ కోసమే వెళ్తే లాంతరు టూర్ దారిలో ఆయన దాటిన బాటమ్‌లెస్ పిట్ రాదు. అది హిస్టారిక్ టూర్‌లో వస్తుంది, రెండు గంటలు, కరెంటు లైట్లతో. నూరడుగులకి పైగా లోతున్న ఆ గోతి మీద నిచ్చెన పరిచి, అవతలికి 1838లో మొదట వెళ్లింది ఆయనే. అవతల కిందున్న నదులు, కళ్లు లేని తెల్ల చేపలు అన్నీ ఆ తర్వాతే బయటపడ్డాయి. ఇప్పుడు కటకటాల వంతెన మీద నిలబడి కిందికి చూస్తే లైటు వేసి ఉన్నా కడుపులో తిప్పుతుంది. కాకపోతే ఆ టూర్‌లో ఐదొందలకి పైగా మెట్లున్నాయి, ఫ్యాట్ మ్యాన్స్ మిజరీ అనే ఇరుకు సందులో పక్కకి తిరిగి నడవాలి. నేను కొంచెం ఒళ్లున్న మనిషిని, నాకు అది పేరుకి తగ్గట్టే ఉంది.

ఇంకో సంగతి, బొర్రా చూసినవాళ్లు తప్పక తెలుసుకోవాలి. అక్కడిలా కప్పు నుంచి వేలాడే రాతి ఊడలు, శివలింగాల్లాంటివి ఇక్కడ ఎక్కువ చోట్ల ఉండవు. సున్నపురాయి పైన ఇసుకరాయి పొర మూతలా కప్పి ఉండడంతో వాన నీళ్లు లోపలికి కారవు, నీళ్లు కారనిదే అవి పెరగవు. ఆ మూత తెగిన చోట మాత్రం ఉంటాయి, ఫ్రోజెన్ నయాగరా అలాంటిదే. కాబట్టి బాబూ అమ్మమ్మా చూసేదే అసలు "అందమైన" గుహ, తాతగారికి బోసి గుహ.

బూట్ల సంగతి ఎవరూ చెప్పలేదు. వేరే గుహలో వేసుకున్న బూట్లు, బట్టలు వేసుకెళ్లకండి. గబ్బిలాల్ని చంపే వైట్ నోస్ అనే బూజు జబ్బు ఈ పార్కులో 2013లో బయటపడింది. బయటికొచ్చేటప్పుడు సబ్బు నీళ్ల చాపల మీద నడిపిస్తారు, చెప్పులైతే తడుస్తాయి.

లూయివిల్‌లో ఉంటున్నారు కాబట్టి చివరి మాట. మీ ఊళ్లోనే లోకస్ట్ గ్రోవ్ అని పాత బంగళా ఉంది, ఇప్పుడు మ్యూజియం. అది క్రోగన్ల ఇల్లు. 1842లో స్టీఫెన్‌ని అక్కడికి పిలిపించి గుహ మ్యాప్ గీయించారు. కొలతల పుస్తకం లేదు, మనసులో ఉన్నది గీశాడు. ఆయన పేరుతోనే అచ్చయింది. ఒక బానిస పేరు అలా అచ్చుకావడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు.

సిన్సినాటి శీను:

రాళ్లూరప్పలూ గారూ, గోతి సంగతి ఒప్పుకుంటున్నాను, నేను రాయాల్సింది. కానీ "బోసి గుహ" మాట మాత్రం మా అత్తగారి ముందు అనకండి. ఇంకోటి, ఆ లాంతరు దారి చివర వచ్చే వయొలెట్ సిటీ అనే భాగాన్ని 1908లో కనిపెట్టింది జర్మన్ ఇంజినీరు మాక్స్ కేంపర్, ఆయనకి గైడుగా వెళ్లిన ఎడ్ బిషప్. ఎడ్ మన స్టీఫెన్ బంధువే. అంతకుముందు గుహ అక్కడితో అయిపోయిందనుకున్న రాళ్లగుట్టని దాటి వెళ్లారు. కాబట్టి బిషప్‌ల దారి ఈ టూర్‌లో కూడా ఉంది. (వయొలెట్ ఎవరంటే గుహ వారసుల్లో ఒకావిడ.)

లలిత:

అందరికీ చాలా థాంక్స్. పోయిన శనివారం వెళ్లొచ్చాం, అందుకే మళ్లీ రాస్తున్నాను.

చివరికి ఇలా పంచుకున్నాం. నేనూ అమ్మా బాబూ ఫ్రోజెన్ నయాగరా. నాన్నగారితో లాంతరు టూర్‌కి మా ఆయన వెళ్లారు, "కాలు మడత పడితే ఎవరు మోస్తారు" అన్నవాళ్లే మొయ్యాలి కదా అని నేనే పంపాను. సెంట్రల్ టైం మాట గుర్తుపెట్టుకుని వెళ్లాం, శీను గారికి అందుకు ప్రత్యేకంగా థాంక్స్. తీరా లోపల కాలు మడత పడింది మా ఆయనకే. పెద్దగా ఏమీ లేదు, నాన్నగారు చెయ్యి పట్టుకుని బస్సు దాకా నడిపించారట. ఈ సంగతి నాన్నగారు చెప్పలేదు, ఈయనే రాత్రి చెప్పారు.

నాన్నగారు బయటికి వచ్చాక చాలాసేపు లాంతరు వాసన చేతికి ఉందా అని అరచెయ్యి వాసన చూసుకుంటూ కూర్చున్నారు. ఎలా ఉంది అంటే "పందిరి లేదు" అన్నారు. క్షయ గదుల దగ్గర రేంజరుని ఏవో ప్రశ్నలు వేశారట. ఆ రోగుల్లో ఎవరైనా రాసుకున్న ఉత్తరాలున్నాయా, లోపల వంట చేసిన బానిసల పేర్లు ఎక్కడైనా ఉన్నాయా అని. గుంపు ముందుకి వెళ్లిపోతున్నా ఆ రేంజరు కాసేపు నిలబడి మాట్లాడారట.

హెరిటేజ్ ట్రెయిల్‌లో సమాధి దగ్గరికి అమ్మ కూడా వచ్చింది. మోకాలు పట్టుకుని వంగి, 1859 అంకెల మీద వేలు పెట్టి చూసింది. తప్పని తెలిసి కూడా ఇన్నేళ్లుగా ఎవరూ దిద్దలేదేమిటి అని కారెక్కేదాకా అడుగుతూనే ఉంది. ఆ రాయి కూడా ఇప్పుడు పాతదైపోయింది కాబట్టి ముట్టుకోరమ్మా అని నాన్నగారన్నారు. అమ్మకి ఆ సమాధానం నచ్చలేదు.

వచ్చే ఆదివారం లోకస్ట్ గ్రోవ్ అనుకుంటున్నాం. అక్కడ అమ్మకి మెట్లు ఎన్ని ఎక్కాలో తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి.